కంపాక్టర్‌ని ఏ ఏడాది మార్చాలి? నగర యంత్రాల బడ్జెట్ వెనుక లెక్క

ఒక నగరపాలక సంస్థ దగ్గర చెత్తను నొక్కి నింపుకునే కంపాక్టర్లు, టిప్పర్లు, మట్టి తవ్వే బ్యాక్‌హో లోడర్లు, రోడ్డు రోలర్లు, మురుగు పీల్చే సక్షన్ మెషిన్లు, వాటర్ ట్యాంకర్లు, పంపులు, జనరేటర్లు ఉన్నాయి. అన్నిటినీ ఇవాళ్టి ధరకు కొత్తగా కొనాలంటే 1000 అవుతుందనుకుందాం. ఏ కరెన్సీ అయినా సరే, లెక్క మారదు. వాటి సగటు ఆయుష్షు పదేళ్లు. అంటే ఏటా 100 విలువ చేసే యంత్రాలు మారుస్తూ పోతేనే షెడ్డులోని బండ్ల సగటు వయసు నిలకడగా ఉంటుంది. బడ్జెట్‌లో 60 మాత్రమే ఇచ్చారనుకోండి. 1000ని 60తో భాగిస్తే 16.7. పదేళ్లు నడవాల్సిన బండ్లను దాదాపు పదిహేడేళ్లు నడపాలని తీర్మానించినట్టే. కాకపోతే ఆ తీర్మానం ఏ ఫైల్లోనూ కనిపించదు.

మిగిలిందనుకున్న ఆ 40 కూడా నిజంగా మిగలదు. రిపేర్ల పద్దులోకి కొంత, అద్దె యంత్రాల పద్దులోకి కొంత, సిబ్బంది ఓవర్‌టైమ్‌లోకి కొంత జారిపోతుంది. మూలధన వ్యయం కింద చూపితే పెద్ద అంకె, పది మంది ప్రశ్నిస్తారు. అదే డబ్బు హైడ్రాలిక్ గొట్టాలు, క్లచ్ ప్లేట్లు, అద్దె టిప్పర్ల బిల్లులుగా ముక్కలై పోతే ఎవరి కంటా పడదు. అందుకే ఈ బడ్జెట్ తయారుచేసేవారు మొదట చేయాల్సింది ఏ యంత్రం కావాలో జాబితా రాయడం కాదు. ప్రతి యంత్రానికీ ఇవాళ్టి కొత్త ధరను దాని ఆయుష్షుతో భాగించి, ఆ అంకెలన్నీ కూడాలి. వచ్చిన మొత్తమే నగరానికి ఏటా పడే అసలు తరుగు. గత అయిదేళ్లలో నిజంగా ఖర్చుపెట్టిన సగటును దాని పక్కన పెడితే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

కిలోమీటర్లు చెప్పే అబద్ధం

ఆయుష్షును ఏళ్లలో రాసుకోవడం సౌకర్యమే గానీ యంత్రం అరిగేది గంటల్లో. స్వీపింగ్ మెషిన్లకు 5 నుంచి 7 ఏళ్లు, కంపాక్టర్లకు 7 లేదా 8, జెట్టింగ్ (నీటి ఒత్తిడితో మురుగు గొట్టాలు కడిగేవి), సక్షన్ మెషిన్లకు 7 నుంచి 10, బ్యాక్‌హోలకు 10 నుంచి 12, రోడ్డు నేలను చదును చేసే గ్రేడర్లకు, రోలర్లకు 15 ఏళ్లు లేదా ఆపైన అని స్థూలంగా వేసుకుంటారు. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలే తప్ప శాసనాలు కావు. ఒకే ఏడాది కొన్న రెండు బ్యాక్‌హోల్లో ఒకటి రోజుకు ఆరు గంటలు కాలవలు తవ్వుతూ, రెండోది వారానికోసారి డిపోలో మట్టి సర్దుతూ ఉంటే రెండిటికీ ఒకే వయసనడం అర్థం లేని మాట.

చెత్త బండిలో ఈ తేడా మరీ ఎక్కువ. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే కంపాక్టర్ ఏడాదిలో 300 పనిదినాలకు 18,000 కిలోమీటర్లు చూపిస్తుంది. చూసినవాళ్లకు అది ఇంకా కొత్త బండే. కానీ వీధుల్లో ఆగి ఆగి చెత్త ఎత్తుతూ, పీటీవో (ఇంజిన్ శక్తిని బండి మీది పరికరాలకు అందించే అమరిక) మీద హైడ్రాలిక్ పంపు తిప్పుతూ ఇంజిన్ రోజూ మరో అయిదు గంటలు నిలబడిన చోటే నడుస్తుంది. నిలబడి నడిచిన ఒక గంటను సుమారు 40 నుంచి 50 కిలోమీటర్ల ప్రయాణంతో సమానంగా లెక్కించడం ఈ రంగంలో వాడుక. 45 వేసుకున్నా, 1,500 గంటలకు 67,500 కిలోమీటర్లు. మీటర్ 18,000 చెబుతుంటే ఇంజిన్ మీద పడిన భారం 85,000 దాటింది. ఆయిల్ మార్పిడి కూడా కిలోమీటర్ల ప్రకారమే చేస్తూ పోతే నాలుగో ఏటే ఇంజిన్ విప్పాల్సి రావడంలో వింతేమీ లేదు.

కాబట్టి పీటీవో ఉన్న ప్రతి బండికీ ఇంజిన్ నడిచిన గంటలు లెక్కించే అవర్ మీటర్ ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి. రెండోది జరగడం కష్టం. షెడ్లలో ముందు చచ్చేది, చివరికి బాగయ్యేది అవర్ మీటరే, ఎందుకంటే అది లేకపోయినా బండి కదులుతుంది. దీన్ని పట్టుకునే తేలిక మార్గం డీజిల్ లెక్క. మామూలు పనిలో గంటకు 5 లీటర్ల చొప్పున తాగే బ్యాక్‌హో, నెలకు 60 గంటలే నడిచిందని లాగ్‌బుక్‌లో ఉండి 600 లీటర్ల డీజిల్ తీసుకుంటే, మీటరైనా ఆగిపోయి ఉండాలి, డీజిలైనా దారి తప్పి ఉండాలి. రెండిట్లో ఏదైనా బడ్జెట్‌కు ముందే తేలాల్సిన సంగతి.

ఖర్చు ఎక్కడ మలుపు తిరుగుతుంది

యంత్రాన్ని మరీ ముందుగా అమ్మితే తరుగుదలలో నష్టం, మరీ ఆలస్యంగా అమ్మితే రిపేర్లలో నష్టం. ఈ రెండూ కలిసిన సగటు ఖర్చు ఏ ఏడాది తక్కువగా ఉంటుందో అదే మార్చాల్సిన వయసు. ఉదాహరణకు 100 పెట్టి కొన్న బండి రీసేల్ విలువ మూడేళ్లకు 49, అయిదేళ్లకు 33, ఆరేళ్లకు 27, ఏడేళ్లకు 22, ఎనిమిదేళ్లకు 18, పదేళ్లకు 12 అనుకుందాం. రిపేర్లు, సర్వీసింగ్ మొదటి ఏడు 3తో మొదలై వరుసగా 4, 6, 8, 10, 13, 16, 21, 26, 32కు పెరిగాయనుకుందాం.

మూడేళ్లకే అమ్మేస్తే 51 తరుగు, 13 రిపేర్లు కలిపి 64, అంటే ఏడాదికి 21.3. అయిదేళ్లకైతే 19.6. ఆరేళ్లకు 19.5. ఏడేళ్లకు 19.7. ఎనిమిదికి 20.4. పదేళ్లకు 22.7. ఖర్చు అట్టడుగు ఆరో ఏట తగిలింది గానీ గమనించాల్సింది ఆ అడుగు ఎంత చదునుగా ఉందో. అయిదు, ఆరు, ఏడు ఏళ్ల మధ్య తేడా దాదాపు లేదు. ఒక ఏడాది అటూ ఇటూ జరిగినంత మాత్రాన కొంప మునగదు. మార్చి తీరాల్సిందేనని పట్టుబట్టే ఇంజినీర్‌కీ, వచ్చే ఏడాది చూద్దామనే ఆర్థిక విభాగానికీ మధ్య రాజీకి ఇక్కడ నిజంగానే చోటుంది.

ఆ చోటు దాటాక పరిస్థితి వేరు. అక్కడ సగటును కాదు, ఒక్క ఏడాది అదనంగా ఉంచుకుంటే పడే ఖర్చును చూడాలి. పదో ఏట రిపేర్లు 32, రీసేల్‌లో తగ్గేది 3, మొత్తం 35. అదే పని కొత్త బండితో చేస్తే ఏడాదికి సగటున 19.5. సగటు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ముసలి బండి చేసే నష్టాన్ని అది కప్పేస్తుంది. వడ్డీ లెక్కలోకి తెస్తే మార్చే వయసు కాస్త పెరుగుతుంది. బండి రిపేరుకని షెడ్డులో ఉన్న రోజుల ఖర్చు కూడా చేరిస్తే మళ్లీ తగ్గుతుంది. కంపాక్టర్ ఆగిపోతే డ్రైవర్, ఇద్దరు లోడర్లు ఖాళీగా కూర్చుంటారు, వారి జీతం ఆగదు. పైగా అద్దె బండి. నిలిచిన ఒక్కో రోజుకూ ఈ రెండూ కలిపి ఒక రేటు కట్టి, రిపేరు వివరాలు రాసే జాబ్‌కార్డులోనే రాసుకునే అలవాటు ఉంటే బడ్జెట్ వేళ ఊహాగానాలు అక్కర్లేదు.

పాయింట్ల పట్టిక, దాని లొసుగులు

డబ్బు పరిమితం, అర్హత ఉన్న యంత్రాలు ఎక్కువ. వరుస ఎలా వేయాలి? అమెరికాలో అనేక నగరాలు అమెరికన్ పబ్లిక్ వర్క్స్ అసోసియేషన్ మార్గదర్శకం నుంచి తీసుకున్న పాయింట్ల పద్ధతి వాడతాయి. వయసుకు ఏడాదికి ఒక పాయింటు. వాడకానికి 10,000 మైళ్లకు, లేదా యంత్రాలైతే 250 గంటలకు ఒక పాయింటు. చేసే పని ఎంత కఠినం, ఎన్నిసార్లు షెడ్డుకొస్తుంది, కొన్న ధరతో పోలిస్తే రిపేర్లకు ఎంతయింది, ప్రస్తుత స్థితి ఏమిటి అన్న నాలుగింటికీ 1 నుంచి 5 వరకు. సాధారణంగా 23 వస్తే మార్చడానికి అర్హం, 28 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే వెంటనే మార్చడాన్ని పరిశీలించాలి.

చూడటానికి బాగానే ఉంది. కానీ ఈ పట్టికను మార్చకుండా కంపాక్టర్ మీద ప్రయోగించి చూడండి. ఏడాదికి 2,400 గంటలు నడిచే బండికి గంటల కిందే 9.6 పాయింట్లు, వయసు కింద ఇంకొకటి. రెండేళ్లకే 21. మిగతా నాలుగు అంశాల్లో కనిష్ఠంగా ఒక్కొక్కటి వేసినా 25. రెండేళ్ల బండి మార్పిడికి అర్హమైపోయింది! మరోవైపు ఏడాదికి 100 గంటలు నడిచే జనరేటర్ ఇరవై ఏళ్లకు వయసు కిందే 20, గంటల కింద 8 తెచ్చుకుని నిక్షేపంగా ఉన్నా అత్యవసర జాబితా ఎక్కుతుంది. అందుకే వాడకం పాయింట్లను ప్రతి తరగతికీ విడిగా సర్దుకోవాలి. ఆ రకం యంత్రానికి అనుకున్న జీవితకాల గంటల్లో ఎంత శాతం అయిపోయిందన్నది తీసుకోవడం న్యాయంగా ఉంటుంది.

రిపేరు ఖర్చు పాయింట్లలో ఇంకో చిక్కు. ఇంజిన్ ఓవర్‌హాల్ చేసిన మరుసటి నెలే ఆ బండి పాయింట్లు ఎగిరి జాబితా పైకి చేరుతుంది. కొత్త ఊపిరి పోసిన బండిని వేలానికి పంపడం కన్నా వృథా మరొకటి లేదు. దీనికి విరుగుడు పట్టికలో లేదు, షెడ్డు గుమ్మం దగ్గర ఉంది. చివరి రెండేళ్ల ఆయుష్షులో ఉన్న ఏ యంత్రానికైనా, దాని ప్రస్తుత అమ్మకం విలువలో 30 శాతం దాటే రిపేరు వస్తే, బాగుచేయాలా మార్చాలా అన్నది పైఅధికారి సంతకంతో తేలాకే స్పానర్ పట్టాలి. ప్రమాదాల వల్ల అయిన రిపేర్లను, టైర్లను విడి పద్దుల్లో ఉంచాలి. లేకపోతే గోడకు గుద్దిన బండికి ముసలితనం అంటగట్టినట్టవుతుంది.

స్థితికి వేసే పాయింట్లు కాగితం మీద కూర్చుని వేయదగినవి కావు. ఎక్కడ చూడాలో తెలిసినవారు చూడాలి. కంపాక్టర్‌లో రంగు కాదు, చెత్త నీరు తినేసిన హాపర్ (చెత్త వేసే తొట్టి) అడుగు, ప్యాకర్ బ్లేడు పట్టాలు, సిలిండర్ సీళ్లు చూడాలి. స్వీపింగ్ మెషిన్‌లో దుమ్ము కోసేసిన బ్లోయర్ రెక్కలు, తుప్పుపట్టిన హాపర్. సక్షన్ మెషిన్‌లో ట్యాంకు అడుగు రేకు మందం, వాక్యూమ్ పంపు వేన్లు. బ్యాక్‌హోలో బూమ్ పిన్నులు, బుష్‌ల వదులు. రోలర్‌లో డ్రమ్ము బేరింగులు, రబ్బరు ఐసోలేటర్లు. గ్రేడర్‌లో బ్లేడును తిప్పే సర్కిల్ పళ్ల అరుగుదల. వీధి దీపాలకు వాడే బూమ్ లిఫ్ట్‌లో వెల్డింగ్ అతుకులు, ఇన్సులేటెడ్ బూమ్ అయితే విద్యుత్ నిరోధక పరీక్ష. ఈ పరీక్షలో తప్పినదానికి పాయింట్లతో పని లేదు, ఆ రోజే పక్కన పెట్టాల్సిందే. ఛాసిస్ (బండి చట్రం) చీలిన బండి కూడా అంతే. రీకండిషనింగ్‌కు పంపుదామనే ఆలోచన ఛాసిస్ గట్టిగా ఉన్న గ్రేడర్‌కో రోలర్‌కో పనికొస్తుంది. అక్కడ కూడా అయ్యే ఖర్చును అదనంగా వచ్చే ఏళ్లతో భాగించి, కొత్తదాని ఏడాది ఖర్చుతో పోల్చాకే.

నిధి నిలబడాలంటే

అవసరమైనప్పుడల్లా సాధారణ బడ్జెట్‌ను అడగడం కన్నా, ప్రతి విభాగం తను వాడే యంత్రాలకు ఏటా అద్దెలాగా కొంత జమచేసే రీప్లేస్‌మెంట్ ఫండ్ మెరుగు. అయితే ఈ నిధులు ఎక్కువగా దెబ్బతినేది మొదటి రోజు వేసుకున్న రేటులోనే.

కొన్న ధర 100, ఆయుష్షు 8 ఏళ్లు, చివర్లో రీసేల్ 17. చాలాచోట్ల 83ను ఎనిమిదితో భాగించి ఏడాదికి 10.4 వసూలు చేస్తారు. ఎనిమిదేళ్ల తర్వాత చేతిలో 100 ఉంటుంది. ఆ పాటికి ధర ఏటా 4 శాతం చొప్పున పెరిగితే కొత్త బండి 137. లోటు 37. ఇది పుస్తకాల తరుగుదలకూ మార్పిడి లెక్కకూ ఉన్న తేడా: మొదటిది గడిచిన ధరను చూస్తుంది, రెండోది రాబోయే ధరను చూడాలి. 137లోంచి 17 తీసేస్తే 120, ఏడాదికి 15. నిధి మీద వడ్డీ వస్తే ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

ఆ 15ను కూడా ఎనిమిదేళ్లు ముట్టుకోకుండా ఉంచకూడదు. నాలుగేళ్లకు 60 జమైంది. ఈలోగా ఉద్గార నిబంధనలు మారి, మార్చే నాటి ధర 150 అవుతుందని తేలింది. కావాల్సింది 133, మిగిలిన 73ను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 18.25. ఏటా ఈ చిన్న సవరణ చేస్తే ఎవరికీ బాధ ఉండదు. ఆఖరి ఏడాది దాకా ఆగితే సవరణ ఎంత చిన్నదైనా పిడుగే.

కొత్తగా నిధి మొదలుపెట్టే నగరానికి మరో సమస్య. ఎనిమిదేళ్ల ఆయుష్షులో అయిదేళ్లు గడిచిన బండి తరఫున నిధిలో ఇప్పటికే అయిదు వంతులు ఉండాలి, కానీ ఖాళీ. మొత్తం బండ్లన్నిటికీ ఈ బకాయి లెక్కగడితే గుండె గుభేలుమంటుంది. అంతా ఒకేసారి పూడ్చాలనే నియమం లేదు. ఇక నుంచి కొనే ప్రతి యంత్రాన్నీ మొదటి నెల నుంచే నిధిలో చేర్చడం, ఆయుష్షు తక్కువ ఉన్న కంపాక్టర్లను, స్వీపింగ్ మెషిన్లను ముందు తేవడం, పదిహేనేళ్లకోసారి కొనే గ్రేడర్లను కొంతకాలం అప్పు మీదే నడిపించడం ఆచరణలో పనిచేసే దారి. అప్పు కాలపరిమితి మాత్రం యంత్రం ఆయుష్షు దాటకూడదు. తుక్కయిపోయిన బండికి వాయిదాలు కడుతూ కొత్త బండికి డబ్బు వెతకడం నగరాలకు కొత్త కాదు.

నిధికి అసలు శత్రువు బయట లేదు. నాలుగైదేళ్లు క్రమశిక్షణగా జమచేశాక నిల్వ పెద్దదిగా కనిపిస్తుంది, ఏదో ఒక లోటు ఏడాది అందరి చూపూ దాని మీదే పడుతుంది. నిల్వ పక్కనే ఏ యంత్రం తరఫున ఎంత, ఏ ఏడాదికి అని రాసి ఉంటే తీసుకునేవారికి కనీసం ఏ బండిని ఆపుతున్నారో తెలుస్తుంది. ఒక్క మొత్తంగా చూపిస్తే అది మిగులు డబ్బులాగే కనిపిస్తుంది.

గ్రాంటు వచ్చిన ఏడాది పన్నెండు కంపాక్టర్లు ఒకేసారి కొన్నారనుకోండి. ఎనిమిదేళ్లకు పన్నెండూ ఒకేసారి మీద పడతాయి, ఆ తర్వాత ఎనిమిదేళ్లకు మళ్లీ. ఈ గుంపును మొదటి చక్రంలోనే విడదీయాలి: బాగా అరిగిన రెండిటిని ఆరో ఏట, మూడిటిని ఏడో ఏట, మూడిటిని ఎనిమిదో ఏట, చెరి రెండిటిని తొమ్మిది, పది ఏళ్లలో. పదేళ్లు ఉంచేవాటిని ముందునుంచే తేలిక రూట్లకు మార్చి, చివర్లో స్పేర్ బండ్లుగా పెట్టుకోవాలి. పైన చూసిన చదునైన అడుగే దీనికి వెసులుబాటు ఇస్తుంది.

కొటేషన్‌లో లేని ఖర్చులు

జాబితాలో రాసిన ధర చాలాసార్లు ఛాసిస్ ధరే. దాని మీద బాడీ, హైడ్రాలిక్ కిట్, పీటీవో, హెచ్చరిక లైట్లు, వెనుక కెమెరా, జీపీఎస్, పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, ఆపరేటర్ శిక్షణ, కంపెనీ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ చేరాలి. బ్యాటరీ బండి అయితే చార్జర్, దానికి విద్యుత్ కనెక్షన్ పెంపు వేరే పద్దు. బండి వచ్చాక ఆ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. బ్యాటరీ బరువు వల్ల ఎత్తగలిగే చెత్త తగ్గితే పది బండ్ల స్థానంలో పదే సరిపోతాయా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

ఛాసిస్ ఒకరి దగ్గర, బాడీ ఇంకొకరి దగ్గర అయితే సమయం కూడా ఖర్చే. ఆర్డరిచ్చిన బండి ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా చేతికి రాకపోతే, కేటాయింపును తర్వాతి ఏడాదికి మోసుకెళ్లే తీర్మానం లేనిచోట ఆ డబ్బు మురిగిపోతుంది. ఛాసిస్ బాడీ కట్టేవారి యార్డులో ఆరు నెలలు ఎండకు ఎండితే వారంటీలో ఆరు నెలలు పోయినట్టే. వారంటీ పనిలో పెట్టిన తేదీ నుంచి మొదలవుతుందనే ఒక్క వాక్యం టెండర్ పత్రంలో ఉంటే ఈ బాధ తప్పుతుంది.

ఏడాదిలో కొద్ది రోజులే అవసరమైనవాటిని మార్చే ముందు అద్దెతో పోల్చాలి. సొంతానికి ఉంచుకుంటే స్థిర ఖర్చు ఏడాదికి 15, సొంత యంత్రం నడిపే ఖర్చు కన్నా అద్దె రోజుకు 0.25 ఎక్కువ అనుకుంటే, 60 రోజుల దాకా అద్దే లాభం. వరద పంపులకు మాత్రం ఈ లెక్క పెట్టకూడదు. వాన పడిన రోజు ఊరంతటికీ అవే కావాలి, అద్దెకు దొరకవు.

కోత పడితే, పాతది పోకపోతే

అడిగినదంతా రాదని అందరికీ తెలుసు కాబట్టి కొందరు ముందే పెంచి అడుగుతారు. అది తెలిసి అవతలివాళ్లు ముందే కోస్తారు. ఈ ఆట కన్నా మూడు అంకెలు ముందు పెట్టడం మేలు: పూర్తి కేటాయింపు, 75 శాతం, 50 శాతం. ఒక్కోదాని కింద అయిదేళ్ల తర్వాత సగటు వయసు ఎంతవుతుంది, రిపేర్ల పద్దు ఎంతకు చేరుతుంది, ఎన్ని స్పేర్ బండ్లు కావాలి అన్నవి చూపాలి. చెత్త బండ్లకు 10 నుంచి 20 శాతం స్పేర్లు ఉంచుకోవడం మామూలే. బండ్లు ముసలివయ్యే కొద్దీ అది 30కి పాకుతుంది. ఆ అదనపు బండ్లకూ బీమా, టైర్లు, పార్కింగ్ స్థలం కావాలి.

ఇక్కడే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. కొత్త బండి వచ్చింది, పాతది ‘అవసరానికి ఉంటుందిలే’ అని షెడ్డు మూలకు చేరింది. రెండేళ్లలో ఎవరో ఒకరు దాన్ని రోజూ వాడటం మొదలుపెడతారు, తర్వాత దానికీ కొత్తది అడుగుతారు. నిధిలో జమ ఒక బండికి, మార్చాల్సినవి రెండు. కొత్తది పనిలో చేరిన 30 రోజుల్లో పాతది వేలం జాబితాలో ఉండాలనే షరతును కొనుగోలు ఆమోదంలోనే రాయాలి. వేలంలో వచ్చిన డబ్బు సాధారణ ఖాతాకు కాకుండా నిధికే చేరాలి, ఎందుకంటే రేటు కట్టేటప్పుడు ఆ 17ను ముందే తీసేశాం.

వేలానికి ముందు సర్వీసు రికార్డులు, రెండో తాళంచెవి బండితో పాటు పెడితే ధర మెరుగ్గా పలుకుతుంది. నగరపాలక సంస్థ గుర్తులు, నంబర్లు చెరిపేయాలి, వాకీటాకీ, జీపీఎస్ పెట్టె విప్పేయాలి. బీమా, జీపీఎస్ సిమ్ రద్దు చేయించాలి. లేకపోతే ఎవరో కొనుక్కుపోయిన బండి ఎక్కడెక్కడ తిరుగుతోందో చూపించే మ్యాప్‌కు నగరం నెలనెలా బిల్లు కడుతూనే ఉంటుంది.